దొరికితేనే పుస్తకం

ముందుమాట

గ్రంథాలయాల గురించి తెలుగులో పుస్తకాలు లేకపోలేదు. ఉద్యమ చరిత్రలున్నాయి, పెద్దల జీవిత చరిత్రలున్నాయి, డిగ్రీ పరీక్షల కోసం రాసిన పాఠ్యపుస్తకాలున్నాయి. పొద్దున తాళం తీసినప్పటి నుంచి సాయంత్రం తాళం వేసేదాకా గ్రంథపాలకుడు ఏ పని చేస్తాడు, దాన్ని ఎలా చేస్తే పాఠకుడికి మేలు, ఏ అలవాటు పుస్తకాన్ని పాడుచేస్తుంది, ఏ ఉచిత సాధనం ఎక్కడ పనికొస్తుంది అని పక్కన కూర్చుని చెప్పే పుస్తకం మాత్రం మనకు కరువు. శంషాబాద్ ప్రాంతంలో ఒక కళాశాల గ్రంథాలయాన్ని నడుపుతూ, సెలవు రోజుల్లో చుట్టుపక్కల బడులకు వెళ్లి బీరువాల్లో మగ్గుతున్న పుస్తకాలను సర్దిపెట్టే ఒక గ్రంథపాలకురాలు ఇప్పుడు ఆ లోటు తీర్చింది. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ముందుమాట రాయమని అడగడం ఆమె సంస్కారం, రాయడం నాకు దక్కిన గౌరవం.

ఈ పుస్తకమంతటా ఒకే సూత్రం నడుస్తుంది. గ్రంథాలయంలో పుస్తకం ఉన్నంతమాత్రాన ఉన్నట్టు కాదు, అడిగినవాడికి దొరికితేనే ఉన్నట్టు. లక్ష పుస్తకాలున్న చోట ఒక విద్యార్థి తనకు కావలసిన ఒక్కటి కనుక్కోలేక వెనక్కి వెళ్లిపోతే, ఆ పూటకు ఆ లక్షా లేనట్టే. కొనడం, నమోదు చేయడం, వర్గీకరించడం, అరలో పెట్టడం, జిగురు రాయడం, కంప్యూటర్‌లో ఎక్కించడం, అన్నీ ఆ ఒక్క దొరకడం కోసమే. 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రకటించిన అయిదు సూత్రాల సారం కూడా ఇదే. పుస్తకం వాడుక కోసం, ప్రతి పాఠకుడికీ ఒక పుస్తకం, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు, పాఠకుడి సమయం వృథా కాకూడదు, గ్రంథాలయం ఎదుగుతూ ఉండాలి అని ఆయన భావం. సూత్రాలు చెప్పడం ఒక ఎత్తు. శంషాబాద్‌లో సోమవారం ఉదయం పది గంటలకు వాటిని ఎలా పాటించాలో చెప్పడం ఇంకో ఎత్తు. ఈ రచయిత్రి రెండో పని చేసింది.

ఈ పనికి మనకు గొప్ప వంశవృక్షం ఉంది. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా గారు అందులో ముందు నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర నిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో ఊరి గ్రంథాలయమే బడి, సభ, పత్రికా కార్యాలయం అన్నీ అయింది. అటు కోస్తాలో 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. పాతూరి నాగభూషణం గారు గ్రంథాలయ సేవకులకు శిక్షణ ఇవ్వడాన్ని జీవితవ్రతంగా పెట్టుకున్నారు, 1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పుస్తకాల పడవ నడిపించారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాల సంచి భుజాన వేసుకుని తిరిగారు. వీళ్లందరిలో నాకు కనిపించే సమాన గుణం ఒకటే. పుస్తకం ఉన్న చోటికి మనిషి రావాలని ఎదురుచూడలేదు, మనిషి ఉన్న చోటికి పుస్తకాన్ని చేర్చారు. ఈ రచయిత్రిని నేను ఆ వరసలోనే చూస్తున్నాను.

శంషాబాద్‌లో ఈ పుస్తకం పుట్టడానికి కారణం ఉంది. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యేదాకా ఇది పొలాలు, ద్రాక్షతోటలు, జాతీయ రహదారి మీద ఆగే బస్సులు ఉన్న ఊరు. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది, దాని వెంట ఔటర్ రింగ్ రోడ్డు, గిడ్డంగులు, హోటళ్లు, విమానాల మరమ్మతు కేంద్రాలు వచ్చాయి. ఇప్పుడు ఇక్కడి పాఠకుడు ఒకడు కాదు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే లోడర్, ట్రిప్పు కోసం పార్కింగ్‌లో గంటల తరబడి ఆగే క్యాబ్ డ్రైవర్, గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే పిల్ల, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ పనికి వచ్చి తెలుగు నేర్చుకుంటున్న కుర్రాడు, భూమి పోయాక కాగితాలు అర్థం చేసుకోవాలనుకునే రైతు, అందరూ పాఠకులే. వీళ్లలో ఎక్కువమందికి ఉదయం, సాయంత్రం తెరిచే గ్రంథాలయ వేళలు కుదరవు. అందుకే ఈ పుస్తకం అరలతో ఆగకుండా ఫోన్ తెర దాకా వెళ్లింది.

మొదటి అధ్యాయాలు కొత్త పుస్తకం గడప దాటి వచ్చిన క్షణం నుంచి మొదలవుతాయి. బిల్లును ఆర్డరుతో సరిచూడాలి, పుటలు తిప్పి ఫారాలు తప్పాయేమో చూడాలి, ముద్ర వేయాలి, యాక్సెషన్ రిజిస్టర్‌లో వరుస సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య పుస్తకానికి జన్మ నక్షత్రం లాంటిది, ఒకసారి ఇస్తే మళ్లీ మారదు, ఇంకో పుస్తకానికి ఇవ్వరు. పోయిన పుస్తకం నంబరును కొత్త పుస్తకానికి సర్దేయడం చాలా చోట్ల జరిగే పొరపాటని రచయిత్రి గట్టిగా హెచ్చరించింది. అలా చేసిన ఏడాదికే లెక్కలు కలవవు, పదేళ్లకు ఏది పోయిందో ఏది ఉందో చెప్పేవాడుండడు.

వర్గీకరణ అధ్యాయంలో ఆమె డ్యూయీ దశాంశ పద్ధతినే తీసుకుంది, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ గ్రంథాలయాల్లో అదే ఉంది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ చేసిన ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది, నవలైతే 894.8273. మతాలకు ఇచ్చిన 200 తరగతిలో సింహభాగం క్రైస్తవానికి పోయి హిందూ మతం 294.5లో ఇమడవలసి వచ్చింది. మన పుస్తకాలకు ఆ చోటు ఇరుకు. ఆ ఇరుకు తెలిసే రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. రచయిత్రి ఈ వాదం ఎత్తి ఊరుకోలేదు. ఒక బడి గ్రంథాలయంలో శతకాలు, హరికథలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, జిల్లా చరిత్రలు ఏ సంఖ్య కింద పెడితే పిల్లలు సులువుగా పట్టుకుంటారో పట్టిక వేసి ఇచ్చింది. ఒకసారి ఎంచుకున్న చోటును మార్చకుండా రాసి పెట్టుకోవాలని కూడా చెప్పింది. గ్రంథపాలకుడు బదిలీ అయి వెళ్లినా ఆ నిర్ణయాలు గ్రంథాలయంలో మిగలాలి కదా.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది పేర్ల అధ్యాయం. పాశ్చాత్యుల పేరులో చివరి మాట ఇంటిపేరు. ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు తెలుగుకు పెడితే శ్రీరంగం శ్రీనివాసరావు, గురజాడ అప్పారావు, కొమర్రాజు లక్ష్మణరావు ముగ్గురూ ‘రావు’ కింద చేరతారు. మన పాఠకుడు ఎవడూ అక్కడ వెతకడు. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామంది రచయితలకు కలం పేరే లోకం ఎరిగిన పేరు. కాబట్టి ‘శ్రీశ్రీ’ అన్నది ప్రధాన శీర్షిక, ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ దగ్గర చూస్తే శ్రీశ్రీ దగ్గరికి పంపే సూచన ఉండాలి. దాశరథి కృష్ణమాచార్య, దాశరథి రంగాచార్య అన్నదమ్ములు. ‘దాశరథి’ అని మాత్రమే రాసి వదిలేస్తే అన్నగారి కవిత్వం, తమ్ముడుగారి నవలలు కలగాపులగమవుతాయి. ఆరుద్ర గారి అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని తెలిసినవాడు ఆ పేరుతో అడిగినా పుస్తకం దొరకాలి. ఇలాంటి సూచనలు చిన్నగా కనిపిస్తాయి. గ్రంథాలయం నిలబడేది వీటి మీదే.

అక్షరాల సంగతి కూడా అంతే. ‘కథ’ను ‘కధ’ అని టైపు చేసేవాళ్లు ఎంతోమంది. పాత పుస్తకాల్లో ‘చెఱువు’, కొత్త పుస్తకాల్లో ‘చెరువు’. మన ఊరి పేరే శంషాబాద్ అనీ శంషాబాదు అనీ షంషాబాద్ అనీ బోర్డుల మీద కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మనిషిలాగా పోల్చుకునే బుద్ధి లేదు, ఒక గీత మారినా వేరే మాట అనుకుంటుంది. అందుకని ముఖపత్రం మీద ఉన్న రూపాన్ని ఉన్నట్టే రాసి, వాడుకలో ఉన్న ఇతర రూపాలను కూడా అదే వివరంలో చేర్చమని రచయిత్రి సలహా. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన జాబితాలు తెర మీద తెలుగులాగే ఉంటాయి, లోపల మాత్రం రోమన్ గుర్తులు. వెతికితే ఒక్కటీ దొరకదు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగే వెతుకులాటకు అందుతుంది, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. మార్క్ 21 పద్ధతిలో ఒకే పుస్తకం వివరాన్ని రోమన్ లిపిలోనూ తెలుగు లిపిలోనూ జంటగా ఉంచడానికి 880 అనే గడి ఉంది. దాన్ని నింపే ఓపిక మనకుంటే మన జాబితా మన ఊళ్లోనూ పనికొస్తుంది, బయటి లోకానికీ అర్థమవుతుంది.

బయటి లోకం మాట ఎందుకంటే, తెలుగు పుస్తకాలు ఎప్పుడో సముద్రాలు దాటాయి. 1962 నుంచి పీఎల్-480 పథకం కింద అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మనం సరిగ్గా నమోదు చేయని పుస్తకం ఏదో అక్కడ నిక్షేపంగా నమోదై ఉండవచ్చు. వరల్డ్‌క్యాట్‌లో వెతికి ఆ వివరాన్ని చూసి మన జాబితాను సరిదిద్దుకునే పద్ధతిని రచయిత్రి అంచెలంచెలుగా చూపింది.

కంప్యూటర్ అధ్యాయం చదివి నాకు ధైర్యం కలిగింది. చిన్న గ్రంథాలయం వేలకు వేలు పోసి సాఫ్ట్‌వేర్ కొననక్కర లేదు. న్యూజీలాండ్‌లో హోరోవెనువా గ్రంథాలయాల కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన కోహా ఇప్పుడు ప్రపంచమంతటా ఉచితంగా దొరుకుతోంది. మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వారి ఈ-గ్రంథాలయ ఉంది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ ఉంది. ఏది ఎంచుకోవాలో చెప్పే ముందు ఆమె మూడు ప్రశ్నలు వేసింది. కరెంటు పోతే ఏం చేస్తారు? డేటా నకలు ఎక్కడ దాస్తారు? మీరు లేనప్పుడు దీన్ని నడపగలిగేవారు ఇంకొకరున్నారా? ఈ మూడింటికీ జవాబు లేనివారు ముందు మంచి రిజిస్టర్ రాయడం నేర్చుకోవాలంటుంది. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. తప్పుల రిజిస్టర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే తప్పులే వేగంగా దొరుకుతాయి.

ఆన్‌లైన్ సాధనాల అధ్యాయం శంషాబాద్ షిఫ్టు ఉద్యోగి కోసమే రాసినట్టుంది. 2018 జూన్‌లో జాతికి అంకితమైన నేషనల్ డిజిటల్ లైబ్రరీని ఐఐటీ ఖరగ్‌పూర్ నడుపుతోంది, అర్ధరాత్రి రెండు గంటలకైనా ఫోన్‌లో తెరుచుకుంటుంది. విశ్వవిద్యాలయాల పరిశోధనా గ్రంథాలకు శోధ్‌గంగ, వ్యవసాయ సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్ ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, గ్రామీణాభివృద్ధి సంస్థ, వరి పరిశోధనా సంస్థ మనకు కూతవేటు దూరంలో ఉన్నా, వాటి గోడల లోపలి జ్ఞానం పక్క ఊరి రైతు కొడుకుకు అందే దారుల్లో ఇదొకటి. పిల్లల కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్, చూపులేని పాఠకులకు సుగమ్య పుస్తకాలయ, పదాల అర్థాలకు ఆంధ్రభారతి నిఘంటు శోధన, పాత గ్రంథాలకు తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి. ప్రతి ఒక్కదానికీ ఏం దొరుకుతుంది, ఏం దొరకదు, లాగిన్ కావాలా అక్కర్లేదా అని ఆమె తేటగా రాసింది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఉదాహరణను ఆమె ఎత్తుకున్న తీరు చాలా బాగుంది. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి ఆలోచనతో లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అందులో వేలాది తెలుగు పుస్తకాలున్నాయి. వాటి వివరాలు మాత్రం రోమన్ లిపిలో, అక్షరాలు తప్పిపోయి, కొన్ని చోట్ల గుర్తుపట్టలేనంతగా నమోదయ్యాయి. పుస్తకం ఉంది, దొరకదు. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సేవకులు కూర్చుని ఆ పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు తెలుగు లిపిలో జాబితాలుగా తయారుచేశాకే సామాన్య పాఠకుడికి దారి కనిపించింది. తరవాత ఆ వెబ్‌సైట్ మూతపడింది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఉండబట్టి మనం ఈరోజు చదువుకోగలుగుతున్నాం. ఈ ఒక్క ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. వివరం సరిగ్గా రాయకపోతే స్కాన్ చేసినా దొరకదు, ఒకే చోట దాచినది ఎప్పుడైనా పోవచ్చు.

స్కాన్ చేయాలన్న ఉత్సాహం ఉన్నవారికి ఆమె కాపీరైట్ గీతను కూడా గీసి చూపించింది. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి గారి రచనలు 2014 నుంచి అందరివీ అయ్యాయి. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ గారి రచనల మీద హక్కు 2036 చివరిదాకా ఉంది. పీడీఎఫ్ దొరికిందల్లా వాట్సాప్ గుంపుల్లో పంచడం పుస్తక సేవ కాదని ఆమె మృదువుగానే చెప్పింది, తగ్గకుండా చెప్పింది.

పుస్తక సంరక్షణ అధ్యాయంలో చేతిపని వాసన ఉంది. చిరిగిన పుటకు పారదర్శక టేపు అంటించవద్దు, కొన్నేళ్లకు అది పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. పల్చటి టిష్యూ, పిండి జిగురు వాడాలి. బైండింగ్ చేసేవారు మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలపడం పురుగు పట్టకుండా ఉండటానికే, అందుకే ఆ పని చేశాక చేతులు బాగా కడుక్కోవాలి. బీరువాను గోడకు ఆనించవద్దు, నేలను తగలనివ్వవద్దు, వానాకాలంలో చెదలు మొదట వచ్చే దారి అదే. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వరదలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ సంపద నీట మునిగింది. దాన్ని కాపాడుకోవడానికి ఎంతమంది ఎన్నేళ్లు శ్రమించారో తెలిసినవారికి కింది అర ఎంత ఎత్తులో ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇక స్టాక్ వెరిఫికేషన్. మన గ్రంథాలయాల్లో పుస్తకాలు బీరువాల్లో తాళాల వెనక ఉండిపోవడానికి అసలు కారణం భయం. పుస్తకం పోతే జీతంలోంచి కోస్తారేమోనన్న భయం. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి ఈ విషయంలో ఉదారంగా ఉందని చాలామందికి తెలియదు. పాఠకులకు ఇచ్చిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదిలో ఐదు వరకు పోవడం సహజమేనని అది ఒప్పుకుంటుంది, నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేకపోతే. వెయ్యి రూపాయలు మించిన ధర ఉన్నవి, ప్రత్యేకమైనవి, అరుదైనవి పోతే విచారణ జరగాలి. ఇరవై వేల లోపు పుస్తకాలుంటే ఏటా పూర్తి తనిఖీ, యాభై వేల దాకా మూడేళ్లకోసారి, ఆపైన నమూనా తనిఖీ. ఈ నియమాలు కేంద్ర సంస్థలకు వర్తించేవే అయినా వాటి వెనకున్న తెలివి అందరిదీ. పాఠకుడి చేతికి వెళ్లే పుస్తకం కొంత అరుగుతుంది, కొంత పోతుంది. అలమరలో భద్రంగా ఉన్న పుస్తకం చెదలకు మాత్రమే ఉపయోగం. ఈ అధ్యాయాన్ని ప్రతి ప్రధానోపాధ్యాయుడూ చదవాలని నా కోరిక.

చివరి అధ్యాయం స్థానిక సేకరణ గురించి. శంషాబాద్, మామిడిపల్లి, గొల్లపల్లి వంటి ఊళ్ల రూపం ఒక్క తరంలోనే మారిపోయింది. భూసేకరణ నోటీసులు, బడి వార్షికోత్సవ సంచికలు, అమ్మపల్లి రామాలయం కల్యాణోత్సవ కరపత్రాలు, 2008 మార్చి నాటి పత్రికల ప్రత్యేక అనుబంధాలు, పాత ఊరి ఫొటోలు, పెద్దవాళ్లు చెప్పే ఊరి సంగతుల రికార్డింగులు, ఇవన్నీ ఏ పుస్తకాల షాపులోనూ దొరకవు. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త పంపే పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి చేరుతుంది, మన ఊరి కరపత్రం ఎక్కడికీ చేరదు. దాన్ని దాచవలసింది మన ఊరి గ్రంథాలయమే. ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో తేదీ, ఇచ్చినవారి వివరం, ఎక్కడిదో రాసి పెట్టమని రచయిత్రి చెప్పింది. ఇరవై ఏళ్ల తరవాత ఈ ప్రాంత చరిత్ర రాసేవాడికి ఆ పెన్సిల్ రాతే ఆధారం.

పెద్దవాడిగా ఒకటి రెండు సూచనలు చేయడం నా విధి. రెండో ముద్రణలో పిల్లల విభాగాన్ని ఇంకా విస్తరించాలి. పిల్లవాడు గ్రంథాలయానికి మొదటిసారి వచ్చిన రోజున అతనితో ఎలా మాట్లాడాలి, ఏ ఎత్తులో అరలుండాలి, ఎన్ని పుస్తకాలు ఒకేసారి ఇవ్వాలి అన్నది విడిగా ఒక అధ్యాయానికి తగిన విషయం. పనికిరాని పుస్తకాలను తొలగించే పద్ధతి మీద కూడా ఇంకొంచెం రాయాలి. పాత జనరల్ నాలెడ్జ్ గైడును తీసేయడానికి సంకోచం వద్దు, అదే వయసున్న ఊరి సావనీరును పొరపాటున కూడా తీయకూడదు. ఈ తేడా కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఉదాహరణలతో చెప్పాలి.

పాఠకులకు ఒక మాట. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన గ్రంథాలయ చట్టాల నుంచి మనకు అందిన ఏర్పాటు ఇది. గ్రంథాలయం ఎవరో దయతలచి ఇచ్చే సౌకర్యం కాదు, మీరు సొమ్ము కట్టి నిలబెట్టుకున్న సంస్థ. కాబట్టి వెళ్లండి, అడగండి. పుస్తకం లేదంటే తెప్పించమని కాగితం మీద రాసివ్వండి. వేళలు కుదరకపోతే వేళలు మార్చమని అడగండి. అడిగేవాడున్న చోటే గ్రంథాలయం బాగుపడుతుంది.

గ్రంథపాలకులకు ఇంకో మాట. ఈ పుస్తకాన్ని మీ కౌంటర్ మీద పెట్టుకోండి, అంచుల్లో మీ అనుభవం రాసుకోండి, మీకు తోచిన మార్పులు రచయిత్రికి పంపండి. మీ ఉద్యోగాన్ని చిన్నదిగా చూసేవారు ఎదురుపడితే బాధపడకండి. అడ్రసు తెలియని పుస్తకాన్ని అవసరమున్న మనిషికి కలిపే పని ఎంత పెద్దదో, ఆ పుస్తకం అందుకుని పరీక్ష గట్టెక్కిన పిల్లకు తెలుసు, పత్రం అర్థమై భూమి పరిహారం సరిగ్గా అడిగి తీసుకున్న రైతుకు తెలుసు.

ఈ గ్రంథాన్ని రాసిన నా శిష్యురాలికి ఆయురారోగ్యాలు కలగాలని, ఆమె చూపిన పద్ధతి తెలుగు నేల మీది ప్రతి బడి గ్రంథాలయానికీ చేరాలని, ఈ పుస్తకం ఎన్నో ముద్రణలు పొందాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.

శంషాబాద్